కోచ్‌తో మనసు విప్పి మాట్లాడొచ్చా? ఎగ్జిక్యూటివ్ కోచింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో కంపెనీల మేనేజర్లకూ, వ్యాపార కుటుంబాల వాళ్ళకూ కోచింగ్ చేస్తుంటాను. మొదటి మీటింగ్‌లో క్లయింట్లు అడిగేవి, హెచ్ఆర్ వాళ్ళు ఫోన్ చేసి అడిగేవి, ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు టీ తాగుతూ అడిగేవి తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తాయి. కోచ్‌కీ క్లయింటుకీ ఎలా కుదురుతుంది, ఎందుకు చెడుతుంది? నేనిచ్చే జవాబులు ఇవి. కొన్నిటితో నా తోటి కోచ్‌లే ఒప్పుకోరు.

మాకు కోచ్‌ని పెట్టారంటే మేం సరిగ్గా పనిచేయడం లేదనా?

మన దగ్గర కోచింగ్ అనగానే గుర్తొచ్చేవి అశోక్‌నగర్ గ్రూప్స్ సెంటర్లు, అమీర్‌పేట సాఫ్ట్‌వేర్ కోర్సులు, ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్). అక్కడ తెలిసినవాళ్ళు చెప్తారు, తెలియనివాళ్ళు రాసుకుంటారు. అందుకే ఇరవై ఏళ్ళ అనుభవమున్న మనిషికి "మీకో కోచ్‌ని పెడుతున్నాం" అని మెయిల్ వస్తే గుండె గతుక్కుమంటుంది. "నేనెక్కడ ఫెయిలయ్యానండీ?" అని కూర్చోగానే అడిగినవాళ్ళున్నారు.

ఇక్కడ సబ్జెక్టు తెలిసింది క్లయింటుకే. ఆయన ఫ్యాక్టరీ గురించీ, ఆయన బాస్ గురించీ నాకేం తెలుసు? అడగడం, వినడం, ఆయన కంట పడకుండా పోతున్నదాన్ని ఆయన ముందు పెట్టడం నా పని. మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా, రెండు మూడు వారాలకోసారి గంట, గంటన్నర కూర్చుంటాం. ఫీజు చాలావరకు కంపెనీ కడుతుంది. సగం చిక్కులు అక్కడే మొదలవుతాయి, వాటి సంగతి తర్వాత చెప్తాను.

ఫెయిలైనవాళ్ళకే కోచ్ అనుకుంటే, ఆపిల్, గూగుల్ పెద్దలకి ఏళ్ళ తరబడి కోచ్‌గా ఉన్న బిల్ క్యాంప్‌బెల్ సంగతేమిటి? ఆయన అంతకుముందు కొలంబియా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్. మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల కూడా మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టిన తొలి రోజుల్లో సియాటిల్ సీహాక్స్ జట్టు సైకాలజిస్టు మైఖేల్ గెర్వైస్‌ని పిలిపించి, తన పైస్థాయి టీమ్‌తో కూర్చోబెట్టారు.

ర్యాపో అంటే చనువేనా?

కాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

కోచ్‌కీ క్లయింటుకీ కుదరడాన్ని హెచ్ఆర్ వాళ్ళు ర్యాపో (ఇంగ్లీషులో rapport) అంటారు. క్లయింట్లు "కుదిరింది" అంటారు, "సెట్ అయ్యింది" అంటారు, "వేవ్‌లెంగ్త్ కలిసింది" అంటారు. నవ్వుతూ మాట్లాడుకున్నాం, టైమే తెలియలేదు అంటే అది చనువు. చనువు మంచిదే, కానీ రైల్లో ఎదురు సీటు మనిషితో కూడా అరగంటలో వస్తుంది. కోచింగ్‌లో కావలసింది వేరు. క్లయింటు ఇంట్లో కూడా చెప్పుకోని మాట ఇక్కడ చెప్పగలగాలి, కోచ్ చేదు మాట చెప్పినా తర్వాతి సెషన్‌కి క్లయింటు మళ్ళీ వచ్చి కూర్చోగలగాలి. ఈ రెండూ జరిగేదాకా కుదిరిందని నేననుకోను.

1990లో టికిల్-డెగ్నెన్, రోజెంతాల్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ కుదరడంలో మూడు పాళ్ళున్నాయన్నారు. ఒకరి మీద ఒకరికి పూర్తి ధ్యాస, ఆప్యాయత, ఇద్దరి తీరూ లయగా కలిసిపోవడం. కొత్తలో ఆప్యాయత పాలు ఎక్కువ, పోనుపోను లయ పాలు ఎక్కువ, ధ్యాస మాత్రం మొదట్నుంచీ చివరిదాకా కావాలి అన్నది వాళ్ళ వాదన. నా అనుభవం కూడా అదే. మొదటి రోజు మర్యాదలు పదో సెషన్‌లో కూడా అలాగే నడుస్తుంటే పని ముందుకు కదల్లేదన్నమాట.

అంతకు ముందే, 1979లో, ఎడ్వర్డ్ బోర్డిన్ అనే సైకాలజిస్టు మానసిక చికిత్స గురించి ఒక మాట చెప్పాడు. కలిసి పనిచేయడానికి బంధం ఒక్కటే చాలదు, ఎక్కడికి వెళ్ళాలన్నది ఇద్దరికీ ఒకటే అయి ఉండాలి, ఎలా వెళ్ళాలన్నదీ ఒప్పుదల కావాలి అని. కోచింగ్ వాళ్ళు దీన్ని అలాగే తీసుకున్నారు. కొత్త కోచ్‌లు బంధం మీద పడినంతగా మిగతా రెంటి మీద పడరు. గమ్యం తేలకపోతే ఎంత ప్రేమగా మాట్లాడుకున్నా నాలుగో సెషన్‌కి "ఇవాళ ఏం మాట్లాడుకుందాం?" దగ్గరే ఆగిపోతుంది.

దీనికి రుజువుందా, లేక కోచ్‌లు చెప్పుకునే మాటా?

ఉంది. ఎరిక్ డి హాన్, ఆయన సహచరులు 2016లో ప్రచురించిన పరిశీలనలో 34 దేశాల నుంచి 1,895 కోచ్-క్లయింటు జంటలున్నాయి. సంబంధం గట్టిగా ఉందన్న క్లయింట్లే కోచింగ్ వల్ల మేలు జరిగిందని కూడా ఎక్కువగా చెప్పారు. ఇద్దరి స్వభావాలు కలిశాయా లేదా అన్నదానికీ ఫలితానికీ మాత్రం పొత్తు కనబడలేదు. 2020లో గ్రాస్‌మాన్, మరో ఇద్దరు కలిసి 27 నమూనాల్లోని 3,563 కోచింగ్‌ల లెక్కలు కలిపి చూస్తే సంబంధానికీ ఫలితానికీ మధ్య 0.41 పొత్తు తేలింది (సున్నా అంటే పొత్తు లేనట్టు, ఒకటి అంటే పూర్తిగా ఉన్నట్టు). ఇలాంటి పరిశోధనల్లో అది తక్కువేమీ కాదు.

ఒక మెలిక ఉంది. మేలు జరిగినవాళ్ళు సహజంగానే కోచ్‌ని మెచ్చుకుంటారు. ఏది ముందు, ఏది వెనక అన్నది ఈ అంకెలతో పూర్తిగా తేలదు.

కెమిస్ట్రీ మీటింగ్‌లో కోచ్‌ని ఎలా ఎంచుకోవాలి?

అరగంట పెళ్ళిచూపులు అనుకోండి. కంపెనీ ఇద్దరు ముగ్గురు కోచ్‌లను చూపిస్తుంది, మీరు ఒకరికి సరే అంటారు. పెళ్ళిచూపుల్లో జరిగే పొరపాటే ఇక్కడా జరుగుతుంది: అందరూ బాగా మాట్లాడేవాళ్ళకి పడిపోతారు. ఆ అరగంటలో ఎవరు ఎక్కువ మాట్లాడారో చూసుకోండి. కోచే ఇరవై నిమిషాలు తన అనుభవం చెప్పుకుంటే తర్వాత కూడా అంతే.

నేనైతే ఎవరి ముందు హాయిగా ఉందో వాళ్ళని కాకుండా, సాయంత్రం ఇంటికెళ్తూ ట్రాఫిక్‌లో కూడా ఎవరి ప్రశ్న బుర్రలో తిరుగుతోందో వాళ్ళని ఎంచుకోమంటాను. "మీ దగ్గరికొచ్చినవాళ్ళలో ఎవరికి ఉపయోగపడలేదు?" అని అడిగి చూడండి. జవాబు చెప్పడానికి కాస్త తడబడ్డారంటే మంచి గుర్తే.

మా మాటల్లో "మీది ఏ ఊరండీ?" మామూలే కదా. దానితో మొదలుపెట్టొచ్చా?

ఈ ప్రశ్న ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు, మనకి మాత్రం రోజూ ఎదురవుతుంది. తెలుగువాళ్ళిద్దరు కలిస్తే అయిదు నిమిషాల్లో ఊరు, ఇంటిపేరు, చదివిన కాలేజీ, తెలిసినవాళ్ళు వచ్చేస్తారు. "అయితే మనవాళ్ళే" అనగానే భుజాలు సడలతాయి. పని సులువైపోయినట్టుంటుంది.

ఇంటిపేరు అడగడమంటే చాలాసార్లు కులం అడగడమే, అది ఇద్దరికీ తెలుసు. "మనవాళ్ళు" కాని క్లయింటుకి ఆ ఒక్క ప్రశ్నతో తలుపు మూసుకుపోతుంది. ఆయన బయటికి నవ్వుతూనే ఉంటాడు, మీకు తెలియను కూడా తెలియదు. కోచ్‌లకి సర్టిఫికెట్లిచ్చే ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ చెప్పే 8 నైపుణ్యాల్లో నమ్మకం, భద్రత కలిగించడం ఒకటి. మన దగ్గర దాన్ని చెడగొట్టడానికి ఇంటిపేరు అడిగితే చాలు.

"మనవాళ్ళే" అయినా ఇబ్బందే. నా తొలి ఏళ్ళలో ఒక ఫార్మా కంపెనీ ప్లాంట్ హెడ్ వచ్చారు. మా ఊళ్ళ మధ్య ఇరవై కిలోమీటర్లు. పత్తి రేటు, తిరునాళ్ళు, అక్కడి హైస్కూల్ హెడ్‌మాస్టారు దెబ్బలు, అన్నీ మాట్లాడుకున్నాం. అద్భుతంగా కుదిరిందనుకున్నాను. ఆరో సెషన్‌లో ఆయన చాలాసేపు నీళ్ళు నమిలి, "మీరు మావాళ్ళకి తెలిసినవాళ్ళు కదండీ, అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు" అన్నారు. ఉద్యోగం వదిలేసి బావమరిదితో వ్యాపారం పెట్టే ఆలోచనలో నలిగిపోతున్నారు. నాకు చెప్తే ఎటునుంచో ఆ ఊరికి చేరుతుందని భయం. అప్పటిదాకా మేం చర్చించిన "టీమ్‌తో కమ్యూనికేషన్" అంతా కాలక్షేపమే. అయిదు సెషన్లు ఊరి కబుర్లకి బలి.

అప్పటినుంచి ఊరు నేనుగా అడగను. వాళ్ళంతట వాళ్ళు చెప్తే వింటాను. తెలిసినవాళ్ళు కలిస్తే దాచకుండా, "ఫలానావారు నాకు తెలుసు. ఇక్కడి మాట అటు వెళ్ళదు. అయినా ఇబ్బంది అనిపిస్తే ఇంకొకరిని చూసుకోండి, నేనేమీ అనుకోను" అని చెప్పేస్తాను. ఒకరిద్దరు నిజంగానే వెళ్ళిపోయారు. వాళ్ళు చేసింది సరైన పనే.

మీరా, నువ్వా? సార్ అనాలా, గారు అనాలా?

ఇంగ్లీషులో "యూ" అని గండం గట్టెక్కుతాం. తెలుగులోకి రాగానే ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. ముప్పై ఏళ్ళ స్టార్టప్ ఫౌండరు, యాభై అయిదేళ్ళ కోచ్ అయితే "నువ్వు చెప్పు బాబూ" నోటిదాకా వస్తుంది. ఆపుకోండి. ఆ ఒక్క మాటతో కోచ్ బాబాయి అయిపోతాడు, ఇక బాబాయికి నచ్చే మాటలే వినబడతాయి. మహిళా క్లయింటుని "అమ్మా" అనడం కూడా అంతే. పిలిచేవాళ్ళకి గౌరవంగానే తోస్తుంది, వినే వైస్ ప్రెసిడెంటుకి అలా తోచకపోవచ్చు. ఇద్దరి వైపు నుంచీ మీరు, ఇద్దరి వైపు నుంచీ గారు. నా పద్ధతి అదే.

క్లయింటు నన్ను "మేడమ్" అన్నప్పుడు ఒకసారి వద్దంటాను. మళ్ళీ అంటే వదిలేస్తాను. కొందరికి అది నోటి అలవాటు, సరిదిద్దుతూ కూర్చుంటే అదో గొడవ. కానీ మేడమ్ అన్న ప్రతిసారీ "మరి నన్నేం చేయమంటారు?" అని కూడా వస్తుంటే, గురువు పీఠం మీద నన్ను కూర్చోబెట్టారని అర్థం. అప్పుడు దిగాల్సింది నేనే.

సెషన్ ఇంగ్లీషులోనా, తెలుగులోనా?

ఏది వస్తే అది. ఒక క్లయింటు తన ప్రమోషన్ పోయిన సంగతి ఇంగ్లీషులో చెప్తూ "కొంచెం డిసప్పాయింట్ అయ్యాను" అన్న అర్థంలో సర్దేశాడు. తెలుగులో ఇంకోసారి చెప్పమంటే "ఒళ్ళు మండిపోయిందండీ, రెండు రోజులు అన్నం సయించలేదు" అన్నాడు. ఆఫీసు ఇంగ్లీషుకి ఇస్త్రీ చేసేసి ఉంటుంది. అలాగని తెలుగే మాట్లాడమని బలవంతపెట్టకూడదు. చిన్నప్పట్నుంచీ ఇంట్లో దక్కనీ మాట్లాడి, చదువంతా ఇంగ్లీషులో సాగిన పాతబస్తీ క్లయింటుకి నా తెలుగుతో పనేముంది?

నేను చెప్పింది మా హెచ్ఆర్‌కి చేరుతుందా?

అడిగినందుకు సంతోషం. చాలామంది మనసులో పెట్టుకుని నోటితో అడగరు, అడగనివాళ్ళే ఏమీ చెప్పరు కూడా.

ఇందులో ముగ్గురున్నారు: మీరు, కోచ్, డబ్బు కట్టే సంస్థ. ఏ సమాచారం ఎవరికి వెళ్తుందో పని మొదలవకముందే ముగ్గురికీ స్పష్టమైన ఒప్పందం ఉండాలని ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ నియమావళి చెప్తుంది. నా ఒప్పందంలో సంస్థకి వెళ్ళేవి మూడే. ఎన్ని సెషన్లు జరిగాయి, మొదట్లో మీ బాస్‌తో కలిసి కూర్చుని రాసుకున్న లక్ష్యాలేమిటి, వాటిలో ప్రగతి గురించి మీరే స్వయంగా చెప్పదలచుకున్నది. సెషన్‌లో ఏం మాట్లాడుకున్నామో వెళ్ళదు. మినహాయింపులు మొదటి రోజే చెప్తాను: చట్టవిరుద్ధమైన పనులు, చట్టం కోరిన సందర్భాలు, మీకో ఇంకొకరికో ప్రాణాపాయం ఉండటం. లాయరుకి చెప్పిన మాటకి చట్టంలో ఉన్న రక్షణ కోచ్‌కి చెప్పిన మాటకి లేదన్నది కూడా తెలిసి ఉండాలి.

ఇది కాగితం మీద ఉందా అని చూసుకోండి. "అబ్బే, అదంతా కాన్ఫిడెన్షియలే" అని చెయ్యి ఊపేస్తే సరిపోదు.

కాగితం సరే, గది సంగతి? ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుల్లో చుట్టూ అద్దాలున్న మీటింగ్ రూమ్‌లో సెషన్ పెట్టి, క్యాలెండర్‌లో అందరికీ కనబడేలా "కోచింగ్" అని రాస్తారు. దారిన పోయేవాళ్ళంతా లోపలికి తొంగిచూస్తుంటే ఎవరు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు? ఇప్పుడు అలాంటి గది ఇస్తే నేనే వద్దంటాను.

మా అబ్బాయికి మీరు కోచ్. ఎలా ఉన్నాడో నాకు చెప్పరా?

చెప్పనండీ.

కుటుంబ వ్యాపారాల్లో ఈ ఫోన్ తప్పకుండా వస్తుంది. నాన్నగారు గ్రానైట్‌లోనో, సీడ్స్‌లోనో, రొయ్యల ఎగుమతిలోనో కిందనుంచి పైకొచ్చిన మనిషి. కొడుకో కూతురో అమెరికాలో ఎంబీఏ చేసి వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు. ఫీజు కట్టింది నాన్నగారు, "మావాడు ఏమంటున్నాడు?" అని అడిగే హక్కు తనకుందని ఆయన నమ్మకం. తండ్రిగా ఆ ఆత్రం నాకు అర్థమవుతుంది, కోపగించుకోను. "మీరూ, మీ అబ్బాయీ, నేనూ ముగ్గురం కలిసి కూర్చుందాం, అక్కడ అడగండి" అంటాను. ఆ ఫోన్ వచ్చిన సంగతి అదే రోజు కొడుక్కి చెప్పేస్తాను. ఈ మాట కూడా నాన్నగారికి ముందే చెప్పి ఉంచుతాను, తర్వాత నిష్ఠూరాలు రాకుండా.

ఒకసారి కాస్త మెత్తబడి "బానే ఉన్నాడండీ, బాగా ఆలోచిస్తున్నాడు" అన్నాను. మర్నాడు డైనింగ్ టేబుల్ దగ్గర "మీ కోచ్ కూడా బాగా ఆలోచిస్తున్నావంది, మరి ఆ కొత్త ప్లాంట్ సంగతి తేల్చవేం?" అన్నారట. మంచి మాటే చెప్పాను, అయినా చెప్పకూడదు.

నన్ను బలవంతంగా పంపారు. నేనెందుకు నమ్మాలి?

నమ్మక్కర్లేదు, ఆ మాట మొదటి సెషన్‌లోనే అనేయండి. కోచ్ దాన్ని ఎలా తీసుకుంటారో చూస్తే మనిషి ఎలాంటివారో సగం తెలుస్తుంది. కోచింగ్ గొప్పతనం మీద లెక్చర్ మొదలైతే జాగ్రత్త పడండి. మనిషి మారాలని తనంతట తానే అనుకునేలా మాట్లాడించే మోటివేషనల్ ఇంటర్‌వ్యూయింగ్ పద్ధతిని అభివృద్ధి చేసిన మిల్లర్, రోల్నిక్ ఈ చెడ్డ అలవాటు గురించే హెచ్చరించారు. ఎదుటివాళ్ళని వెంటనే సరిచేసేయాలన్న తొందర అది. మనం ఎంత తోస్తే వాళ్ళు అంత వెనక్కి తన్నుకుంటారు. "మిమ్మల్ని ఎందుకు పంపారని మీరనుకుంటున్నారు? అందులో ఎంత నిజముందంటారు?" అని అడిగే కోచ్ దొరికితే ఇంకో రెండు సెషన్లు చూడండి.

ఎదుటివాళ్ళు కూర్చునే తీరు అనుకరిస్తే ర్యాపో వస్తుందని వర్క్‌షాప్‌లో చెప్పారు. నిజమేనా?

1999లో చార్ట్రాండ్, బార్గ్ అనే సైకాలజిస్టులు చేసిన ప్రయోగాల్లో మనుషులు తమకి తెలియకుండానే ఎదుటివాళ్ళ కదలికలు అనుకరిస్తారనీ, అనుకరణకి గురైనవాళ్ళు ఆ మనిషిని కాస్త ఎక్కువ ఇష్టపడ్డారనీ తేలింది. దాన్ని టెక్నిక్ చేసి అమ్మడం వర్క్‌షాప్‌ల తెలివి. నేను గడ్డం కింద చెయ్యి పెట్టుకోగానే మీరూ పెట్టుకుంటే, నాకు తెలిసిపోయిన క్షణంలో అది వెక్కిరింపు అవుతుంది. మనసు పెట్టి వింటుంటే ఒళ్ళు దానంతటదే అటు వంగుతుంది.

మాటల విలువ 7 శాతమే, మిగతా 93 గొంతూ ముఖమూ అనే లెక్క కూడా అదే వర్క్‌షాప్‌లో చెప్పే ఉంటారు. ఆ లెక్కకి మూలమైన, 1967లో మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు చేసిన ప్రయోగాలు విడి మాటలతో, ఇష్టాయిష్టాలు తెలుసుకోవడం వరకే జరిగాయి. సంభాషణ మొత్తానికి ఆ లెక్క వర్తించదు.

వీడియో కాల్‌లో కుదురుతుందా?

కుదురుతుంది. డాలస్‌లో ఉదయం ఎనిమిదికి కూర్చునే క్లయింటుకి వేసవిలో మనకి సాయంత్రం ఆరున్నర. ఆయన తాజాగా ఉంటాడు, నేను రోజంతా మాట్లాడి అలసి ఉంటాను. ఆ తేడా స్క్రీన్ మీద బాగా కనబడుతుంది, కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం వేరే సెషన్ పెట్టుకోను. వీలైతే మొదటిది ఎదురెదురుగా కూర్చుని చేయండి.

కోచ్‌తో తేడా వచ్చింది. మానేయనా?

ఒక్కసారి చెప్పి చూడండి, తర్వాత మానేయండి. ఓసారి ఒక క్లయింటు తన తమ్ముడి గురించి చెప్తుంటే నా కళ్ళు గోడగడియారం మీదికి పోయాయి. ఆయన చూశారు. ఏమీ అనలేదు. తర్వాతి రెండు సెషన్లూ "సారీ, మీటింగ్ పడింది" అని వాయిదా. నేనే ఫోన్ చేసి, "ఆ రోజు మీరు తమ్ముడి గురించి చెప్తుంటే గడియారం చూశాను. తప్పు నాదే" అన్నాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. "అబ్బే, అదేం లేదండీ" అన్నారు. మన మర్యాద అలాంటిది, ఎవరూ "అవును, బాధేసింది" అనరు. కానీ వచ్చే గురువారం టైముకే వచ్చి, తమ్ముడి సంగతి ఎక్కడ ఆపారో అక్కడే మొదలుపెట్టారు.

కొత్త కోచ్‌లూ, వరసగా రెండు వాయిదాలు పడితే అది క్యాలెండర్ సమస్య అనుకోకండి.

మరీ దగ్గరైపోతే?

గృహప్రవేశం కార్డు వస్తుంది, పిల్లల పెళ్ళి కార్డు వస్తుంది. మన దగ్గర వెళ్ళకపోతే అవమానం. నేను పని నడుస్తుండగా వెళ్ళను, ముగిశాక వెళ్తాను, కారణం ముందే చెప్తాను. స్వీట్ బాక్స్ తీసుకుంటాను, వెండి గిన్నె తిరిగి ఇచ్చేస్తాను. ప్రతి నిర్ణయానికీ ముందు రాత్రి వాట్సాప్ వస్తోందంటే అది దగ్గరితనం కాదు, నేను ఊతకర్ర అయ్యానని అర్థం. అప్పుడు సెషన్ల మధ్య ఎడం పెంచుతాను.

నిద్ర పట్టడం లేదు, ఏడుపొస్తోంది. కోచ్‌కి చెప్పొచ్చా?

చెప్పండి. కోచ్ చికిత్స చేయకూడదు, సైకాలజిస్టు దగ్గరికో సైకియాట్రిస్టు దగ్గరికో పంపాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.

సర్టిఫికెట్ ఉంటే నమ్మొచ్చా?

1995లో మొదలైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్‌లో మూడు మెట్లున్నాయి. శిక్షణతోపాటు కింది మెట్టు ఏసీసీకి 100 గంటలు, మధ్య మెట్టు పీసీసీకి 500, పై మెట్టు ఎంసీసీకి 2,500 గంటలు కోచింగ్ చేసిన అనుభవం కావాలి. అన్ని గంటలు కూర్చున్న మనిషి అని మాత్రం తెలుస్తుంది. మీతో కుదురుతుందా అన్నది ఆ కాగితం చెప్పదు.

మొదటి సెషన్‌కి ఏం తెచ్చుకోవాలి?

పీపీటీ తేవద్దు, చాలామంది తెస్తారు. ముందు రోజు రాత్రి మిమ్మల్ని పడుకోనివ్వని విషయం ఒకటి చాలు. డ్రైవర్‌ని గంటన్నర తర్వాత రమ్మనండి, గంటకే రమ్మంటే చివరి పావుగంట వాచీ చూసుకుంటూ కూర్చుంటారు. అసలు మాట చాలామంది నోట్లోంచి ఆ పావుగంటలోనే వస్తుంది.